కాఫీ కడిగిన నీళ్లు గెడ్డలో పొయ్యొద్దు!

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లోని కాఫీ రైతులకు మొదటి కోతకు ముందు ఒక మాట

అక్కలారా, అన్నలారా, మావలారా, వదినలారా!

సంతలో బేరం మీద ఉన్నారని తెలుసు. ఈ కాగితం మడిచి జేబులోనో కొంగులోనో పెట్టుకోండి. ఉప్పు, ఎండుచేపలు కొనుక్కున్నాక జీపు నిండేదాకా ఎలాగూ కూర్చుంటారు కదా, అప్పుడు తీసి చదవండి.

పోయిన జనవరిలో ఒక పొద్దున మా ఊరి ఆడవాళ్లు బిందెలతో గెడ్డకి వెళ్లి ఖాళీ బిందెలతో తిరిగొచ్చారు. గెడ్డ ఎండిపోలేదు, నీళ్లున్నాయి. కానీ గోధుమరంగుకు తిరిగి, రాళ్ల సందుల్లో నురగ కట్టి, పులిసిన గంజి వాసన కొడుతున్నాయి. ఆవులు ఒడ్డుదాకా వచ్చి మూతి పెట్టి వెనక్కి తిరిగాయి. అడ్డంగా పడిన కొమ్మ దగ్గర కాఫీ తొక్కలు చాప పరిచినట్టు పేరుకుని ఉన్నాయి. పైఊరి పనే అని అందరికీ అర్థమైపోయింది. నలుగురు కుర్రాళ్లు గొడవకి బయల్దేరారు కూడా.

మా ఊరి పెద్దామె ఒకావిడ వాళ్లని ఆపింది. "వెళ్లండిరా, వెళ్లే ముందు మనం కడిగిన నీళ్లు ఎటు పోతన్నాయో ఒకసారి చూసి వెళ్లండి" అంది. వెళ్లి చూశాం. మా పల్పర్ దగ్గర నుంచి నీళ్లు చిన్న కాలవ కట్టుకుని తిన్నగా గెడ్డలోకే దిగుతున్నాయి. మా కిందా ఒక ఊరుంది. ఆ పొద్దున వాళ్ల ఆడవాళ్లు ఏ నీళ్లు ముంచుకున్నారో మేం అడగలేదు. అడిగే మొహం లేకపోయింది.

ఆ రోజు గొడవ జరగలేదు. కుర్రాళ్లు అరుగు మీద కూర్చుండిపోయారు. ఈ కరపత్రం రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. కాబట్టి ఇది ఎవరినో తప్పుపట్టే కాగితం కాదు. ఆ తప్పు మేమూ చేశాం.

పండు తొక్కే కదా, మందు కాదు కదా?

అందరూ ముందు అడిగేది ఇదే. మేమూ అలాగే అనుకున్నాం. మన తోటల్లో ఎరువు మందు, పురుగు మందు వాడకం తక్కువ. మరి పండు కడిగిన నీళ్లలో విషం ఎక్కడిది?

విషం అక్కర్లేదు. కాఫీ పండు తియ్యగా ఉంటుంది, కోతకొచ్చిన పిల్లలు చప్పరిస్తూనే తిరుగుతారు. ఆ తీపీ, గింజ చుట్టూ ఉండే జిగురూ గెడ్డకి చేటు. పల్పర్ తొక్క ఒలుస్తుంది. జిగురు పట్టిన గింజని తొట్టిలో ఒక రోజు, చలి ముదిరితే రోజున్నర ఊరబెడతాం. జిగురు వదిలాక మూడు నాలుగు నీళ్లు కడుగుతాం. తీపి, జిగురు మొత్తం ఆ నీళ్లలోకి దిగుతాయి. అవి గెడ్డలో కలిసిన వెంటనే కంటికి కనబడని సూక్ష్మజీవులు వాటిమీద పడి తింటాయి. తింటున్నంతసేపూ నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని పీల్చేస్తాయి. ఇక చేపకీ పీతకీ పీల్చుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఊరిన నీళ్లు పుల్లగా, ఆమ్లంగా ఉంటాయి. ఒంటికి తగిలితే దురద, తాగితే కడుపునొప్పి. ఇథియోపియాలో కాఫీ మిల్లుల కింద ఏటి ఒడ్డున బతికే జనం చెప్పుకున్నదీ ఇవే బాధలు.

ఈ మురికిని కొలవడానికి బీఓడీ అనే లెక్క ఒకటుంది. నీళ్లలోని మురికి ఎంత ఆక్సిజన్‌ని తినేస్తుందో అది చెబుతుంది. మన దేశంలో ఏరులో వదిలే వ్యర్థజలానికి సాధారణంగా పెట్టిన హద్దు లీటరుకు 30 మిల్లీగ్రాములు. పట్నం మురుగునీటిలో ఇది రెండు మూడు వందలు ఉంటుంది. కాఫీ పల్పింగ్ నీళ్లలో వేలల్లో ఉంటుంది. పట్నం మురుక్కాలవని చూసి ముక్కు మూసుకునే మనం, అంతకు పది రెట్లు బరువైన నీళ్లని మన చేత్తోనే గెడ్డలోకి వదులుతున్నాం.

అదీ ఏ కాలంలో? ఆగస్టులో అయితే కొండవాగు పొంగి మోసుకుపోయేది. మన కోత నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. తుపాను వానలు వెళ్లిపోయి, గెడ్డ ఊటనీటి మీదే బతికే కాలం అది. సంక్రాంతికి చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. నీళ్లు తగ్గేకొద్దీ మనం పోసే మురికి పెరుగుతుంది.

లెక్క మీరే కట్టండి. ఒక ఇంటివాళ్లు అర టన్ను పండు కోశారనుకుందాం. పాత పద్ధతిలో పల్పింగ్‌కీ కడుగుళ్లకీ కలిపి కిలో పండుకు పది లీటర్లు తేలిగ్గా ఖర్చవుతాయి, పైపు వదిలేసి పారించే చోట ఇంకా ఎక్కువ. పదే వేసుకున్నా ఇంటికి 5,000 లీటర్లు. నలభై గడపల ఊరికి 2 లక్షల లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పదమూడు వేలు. ఇక తొక్క సంగతి. అర టన్ను పండుకు ఎండిన పార్చ్‌మెంట్ వంద కిలోలు అటూఇటూగా చేతికొస్తే, తొక్క ఒక్కటే రెండు వందల కిలోలు దాటుతుంది. అదంతా ఎక్కడ పోశామో ఎవరికి వారు గుర్తు చేసుకోండి.

ఈ నీళ్లు ఎవరివి?

మన కొండ మీద పడ్డ చుక్క మన దగ్గరే ఆగదు. అనంతగిరి వైపు దిగేది గోస్తనిలో కలిసి తాటిపూడి రిజర్వాయరుకి, అక్కడి నుంచి విశాఖపట్నం కుళాయిలకి చేరుతుంది. శారద పట్టుకున్న చుక్క రైవాడ రిజర్వాయరుకి వెళుతుంది. అదీ విశాఖకే. పాడేరు, హుకుంపేట వైపు గెడ్డలు మత్స్యగెడ్డలో పడతాయి. ఆ ఏరే కిందకెళ్లి మాచ్‌ఖండ్ అవుతుంది, డుడుమ దగ్గర దూకి, సీలేరై, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. మన తొట్టి దగ్గర నుంచి సముద్రం దాకా ఎంతమంది ఈ నీళ్ల మీద బతుకుతున్నారో చూడండి.

హుకుంపేట మండలం మత్స్యగుండం మనందరికీ తెలిసిందే. అక్కడి చేపలకి మరమరాలు వేసి దండం పెడతాం, ఒక్కదాన్నీ పట్టం. శివరాత్రి జాతరకి కుటుంబాలతో వెళ్లి మొక్కుకొస్తాం. శివరాత్రి నాటికి మన కడుగుళ్లు కూడా అయిపోవస్తాయి. గుండంలో చేపని దేవుడంటూ, దానికి పైన గెడ్డలో ఊపిరాడకుండా చేస్తే ఆ మొక్కు ఎలా చెల్లుతుంది? భక్తి ఉన్నవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న చాలు. లేనివాళ్లకి గ్రావిటీ పైపు చాలు. ఊటదగ్గర ట్యాంకు కట్టి పైపు వేసుకున్న ఊళ్లు మన ఏజెన్సీలో చాలా ఉన్నాయి. ఆ ఊటకి పైన తొట్టి పెట్టి కడిగితే మురికి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మేం చేసి చూసినవి, చెడినవీ కలిపి

ఆ జనవరి నుంచి మిగిలిన కోత అంతా మా ఊళ్లో రకరకాలుగా చేసి చూశాం. అన్నీ కుదరలేదు.

కడిగిన నీళ్లు గెడ్డలోకి పోకుండా పట్టడానికి తవ్విన మొదటి గొయ్యి తప్పు చోట తవ్వాం. పల్పర్‌కి దగ్గరని ఊటకి ఎగువన తవ్వేశాం. పది రోజులకి ఊటలో అదే పులిసిన వాసన. మూసేసి, ఊటకీ గెడ్డకీ బాగా దూరంగా, దిగువ వాలులో, బంకమన్ను ఉన్నచోట మళ్లీ తవ్వి అడుగూ పక్కలూ మన్నుతో మెత్తాం. రెండు వారాల కూలి పోయింది. మీరు ఆ కూలి పోగొట్టుకోకండి. ముందు ఊట ఎక్కడుందో చూసి, తర్వాత పలుగు పట్టండి.

రెండో తప్పు ఇంకా తొందరపాటు. మురికి నీళ్లని పారబొయ్యడం ఎందుకని నేరుగా అరటి మొక్కలకి పెట్టాం. ఆకులు మాడిపోయాయి. హైస్కూల్లో చదివే పిల్లోడు సైన్సు గదిలోంచి నీలం లిట్మస్ కాగితం తెచ్చి ముంచితే టక్కున ఎర్రబడింది. ఇప్పుడు గొయ్యిలో నీళ్లు ఒకటి రెండు రోజులు నిలవబెడతాం. మడ్డి అడుక్కి దిగాక, సున్నం కొంచెం కొంచెంగా వేసి కలుపుతాం. నీలం కాగితం నీలంగానే ఉండేదాకా వేస్తాం. అప్పుడు ఆ నీళ్లని ఒకేచోట గుమ్మరించకుండా గడ్డి మీదా తోట వరసల మధ్యా పలచగా పారిస్తాం. సున్నం ఖర్చు పెద్దదేం కాదు, ఒక్క పూట కూలి కంటే తక్కువే.

బాగా కుదిరింది మాత్రం నీళ్లని తిప్పి వాడడం. మొదటి కడుగు చిక్కగా ఉంటుంది, నాలుగోది దాదాపు తేటగా ఉంటుంది. ఆ నాలుగో నీళ్లని పారబొయ్యకుండా డ్రమ్ములో పట్టి, మర్నాడు పల్పర్‌కి వాడుతున్నాం. పండుని నీళ్లలో పోసి తేలిన తాలు తీసేస్తాం చూడండి, దానికీ పొద్దున పట్టిన నీళ్లే సాయంత్రం దాకా. పైపు ధారగా వదలడం మానేశాం, బకెట్‌తో కొలిచి పోస్తున్నాం. ఇంతే. కొత్త యంత్రం కొనలేదు. మా అంచనాలో వాడకం సగానికి పైగా తగ్గింది.

తొక్కని నీళ్లతో తోసెయ్యడం ఆపండి. పల్పర్ కింద గోనె పరిచి తట్టలతో ఎత్తండి. నీళ్లలో నానిన కొద్దీ అందులోని తీపి నీళ్లలోకి దిగిపోతుంది, పొడిగా ఎత్తితే తొక్కలోనే ఉండి ఎరువవుతుంది. పేడ, ఎండుటాకు కలిపి కుప్ప వేసి, పది పదిహేను రోజులకోసారి తిరగేస్తే వానలకి ముందు మిరియాల పాదులకీ కాఫీ మొక్కలకీ వేసుకోవచ్చు. కుప్ప కూడా గెడ్డ ఒడ్డున వెయ్యొద్దు. వాన పడితే దాని కషాయం మళ్లీ గెడ్డలోకే.

చుక్క నీరు లేకుండా పని జరిగే దారీ ఉంది. పండుని పండుగానే ఎండబెట్టి చెర్రీ కాఫీగా అమ్మడం. దానికి ధర తక్కువ కట్టడం మనందరికీ తెలిసిన బాధే, అందుకే అందర్నీ అదే చెయ్యమనం. కానీ ఊట బాగా తగ్గిపోయిన ఊరు, ఫిబ్రవరిలో ఆఖరి కోతనైనా ఎండబెట్టుకుంటే మేలు. పండిన పండునే కోసి, ఎత్తు బల్లల మీద వలవేసి పలచగా ఆరబోసి, రోజూ తిప్పి, రాత్రి మంచు పడకుండా కప్పితే బూజు పట్టదు. జిగురుతోనే గింజని ఆరబెట్టే హనీ పద్ధతి ఒకటుంది, దానికీ నీళ్లు పెద్దగా పట్టవు. తెలిసిన కొనుగోలుదారు ఉంటేనే దాని జోలికి వెళ్లండి. సరుకు చెడితే మిగిలేది అప్పే.

పెద్ద యంత్రాల సంగతి కూడా చెప్పుకోవాలి. కొలంబియాలో కాఫీ పరిశోధకులు నీళ్లతో తొయ్యకుండా తొక్కని స్క్రూతో లాగేసి, జిగురుని యంత్రంతోనే గీకేసే పద్ధతి తయారుచేశారు. కిలో పండుకు లీటరు నీళ్లు కూడా పట్టవు. మన దేశంలోనూ ఎకో పల్పర్ పేరుతో అలాంటివి దొరుకుతున్నాయి. ఒక్క రైతు కొనలేడు, ఐదారు ఊళ్లు కలిస్తే వాడుకోవచ్చు. అయితే జాగ్రత్త. నీళ్లు తగ్గితే మురికి చిక్కనవుతుంది, మాయం కాదు. యంత్రం పక్కన గొయ్యి, సున్నం లేకపోతే, ఐదారు ఊళ్ల మురికి ఒకే గెడ్డలో పడినట్టే.

మాకు కొంచెం కోపం ఉన్నది ఇక్కడే. పల్పర్ ఇచ్చి ఫొటో తీసుకున్న వాళ్లున్నారు. తొట్టి కట్టుకోమన్నవాళ్లున్నారు. మురుగు గొయ్యి గురించి మా ఊళ్లో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. మురికి చేసింది మేమే, ఒప్పుకుంటున్నాం. యంత్రంతో పాటు పలుగూ, సున్నమూ, నేర్పే మనిషీ రావాలని అడిగే హక్కు కూడా మాదే.

తోటలోనే మొదలు

గెడ్డని కాపాడే పని తొట్టి దగ్గర మొదలవ్వదు, చెట్టు దగ్గర మొదలవుతుంది. మన కాఫీ నీడకాఫీ. పనస, మామిడి, నేరేడు, జీలుగు కింద పండేది. ఆ చెట్ల ఆకు రాలి నేల మీద మెత్తలా పరుచుకుంటేనే వాన నేలలోకి ఇంకి, జనవరిలో ఊటై బయటికొస్తుంది. నీడ ఎక్కువైందని, కలప ధర వచ్చిందని ఊట చుట్టూ ఉన్న పాతచెట్లు కొట్టిన చోట ఊట ఏమైందో మీ ఊళ్లోనే ముసలివాళ్లని అడగండి. సిల్వర్ ఓక్ తొందరగా పెరుగుతుంది, మిరియం పాకుతుంది, కాదనం. కానీ కొండంతా అదొక్కటే అయితే అది అడవి కాదు. ఊట చుట్టూ, గెడ్డకి రెండు పక్కలా ఇరవై అడుగులైనా కత్తి పెట్టకుండా వదిలెయ్యండి. వాలు తోటలో అడ్డంగా చిన్న కందకాలు తవ్వి వాన పరుగుని ఆపండి. ఆకుతెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్లు ఆ డబ్బాని గెడ్డలో కడగొద్దు, రాగి చేపకి పడదు. కలుపు మందైతే అసలు కొండెక్కించకండి.

బ్రాండు మనదే, మాటా మనదే

అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. మన జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. డబ్బా మీద కొండలు, అడవి, సెలయేరు బొమ్మలు వేసి అమ్ముతున్నారు. ఆ సెలయేరు మన గెడ్డే. కొనేవాళ్లు రేపు వచ్చి తోట చూస్తారు, నీళ్లు ఎటు పోతున్నాయని అడుగుతారు, సేంద్రియ ధ్రువపత్రాలు ఇచ్చేవాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు. వాళ్లు అడిగారని చెయ్యడం కంటే మన ఆడవాళ్లు అడిగారని చెయ్యడం మర్యాద.

సంతలో కొనే వ్యాపారులకీ, సంస్థలకీ ఒక మాట. శుభ్రంగా చేసిన ఊరి సరుకుకి కిలో మీద నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టండి. గొయ్యీ సున్నమూ కూలీ అందులోంచే వస్తాయి. ధర పెంచకుండా నీతులు చెబితే వినే ఓపిక మాకు లేదు. విశాఖలో ఈ కాగితం చేతికందిన వాళ్లకి ఇంకో మాట. మీ ఇంట్లో కాఫీ పొడే కాదు, కాఫీలో పోసే నీళ్లూ ఈ కొండల నుంచే వస్తున్నాయి. కొనేచోట ఒక్కసారి అడగండి, ఈ కాఫీ కడిగిన నీళ్లు ఎక్కడ పోశారని. ఎవరూ అడగని ప్రశ్నకి ఎవరూ జవాబు వెతకరు.

గ్రామసభ పెట్టండి

1974 నుంచి నీటి కాలుష్య చట్టం ఉంది, తెలిసి తెలిసి ఏరుని చెడగొట్టడం దానికి విరుద్ధం. ఆ చట్టం చూపించి మన గిరిజన రైతుని ఎవరైనా బెదిరించడం మాకిష్టం లేదు. అంతకంటే మంచి చట్టం మన చేతిలో ఉంది. 1996లో వచ్చిన పెసా ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ మన పంచాయతీ వ్యవస్థదే. గెడ్డ, ఊట, చెరువు గురించి బయటి నుంచి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు, మనమే కూర్చుని తీర్మానం రాసుకోవచ్చు.

అందుకే అడుగుతున్నాం. అక్టోబరు నెలలో, మొదటి పండు ఎర్రబడక ముందే, మీ ఊళ్లో గ్రామసభ పెట్టండి. నీళ్లు మోసేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లు లేకుండా పెట్టకండి. ఊరి పటం నేల మీద ముగ్గుతో గియ్యండి. ఊట ఎక్కడ, గ్రావిటీ ట్యాంకు ఎక్కడ, పల్పర్లు ఎక్కడ, గొయ్యి ఎక్కడ తవ్వాలి అన్నది అందరూ చూస్తుండగా తేల్చండి. గొయ్యి తవ్వకాన్ని ఉపాధి హామీ పనిలో పెట్టమని రాతపూర్వకంగా అడగండి, అర్జీకి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పిన మాటే. ఐటీడీఏ కాఫీ సిబ్బందినీ, కాఫీ బోర్డు వాళ్లనీ ఆ రోజు పిలవండి. రాకపోతే సభ ఆపకండి.

తర్వాత పైఊరికీ కిందిఊరికీ ఇద్దరిద్దరు పెద్దల్ని పంపండి. గొడవకి కాదు. ఒక గెడ్డ మీదున్న ఊళ్లన్నీ ఒకే మాట మీద ఉండాలి. మధ్యలో ఒక్క ఊరు తప్పినా కింద వాళ్లందరి కష్టం ఏట్లోనే. మా గెడ్డ మీద ఐదు ఊళ్లున్నాయి. మూడు ఒప్పుకున్నాయి, ఒకటి ఆలోచిస్తోంది. ఐదో ఊరికి వచ్చే సంత లోపు వెళ్తాం.

చదవడం రానివాళ్లకి ఈ కాగితం చదివి వినిపించండి. కోటియా, పోర్జా, గదబ ఊళ్లకి వెళ్తే వాళ్ల మాటలోనే చెప్పండి. చదివేశాక పక్క ఊరివాళ్లకి ఇవ్వండి. గెడ్డలో మాత్రం పారెయ్యకండి.

ఇట్లు,
గెడ్డ పక్క ఊళ్ల కాఫీ రైతులం